సే 431

మా ఆవిడను పూడ్చిన రోజు చర్చి అయ్యగారు ఇంకెవరి పెళ్లాం గురించో మాట్లాడాడు.

ఇందులో వాదించడానికి ఏమీ లేదు. సమాధుల తోటలో నిలబడ్డవాళ్లంతా విన్నారు. శాంతమూర్తి అన్నాడు. మితభాషి అన్నాడు. ఈమె గొంతు ఏనాడూ గడప దాటలేదు అన్నాడు. మా ఆవిడ నన్ను కేకేస్తే వీధి చివర సైకిలు మీద పోయేవాడు కూడా కాలు కింద పెట్టి వెనక్కి చూసేవాడు, తననే పిలిచిందేమోనని. ఆ గొంతుతో నలభై ఏళ్లు కాపురం చేసినవాణ్ని నేను. పెట్టె అంచు మీద చెయ్యి వేసి నిలబడి, లోపల ఉన్నది ఆమేనా అని ఒక్క క్షణం అనుమానపడ్డాను. మూత వేసింది నేనే. అయినా అనుమానపడ్డాను.

ఆ వారం అయ్యగారికి అది మూడో సమాధి అట. అలసిపోయి ఉంటాడని తర్వాత ఎవరో సర్దిచెప్పబోయారు. నాకు అది మొదటిదని చెప్పాను.

ఆ తర్వాత నేను చర్చి మెట్టు ఎక్కలేదు. ఆయన ఎదురుపడితే రోడ్డుకు అవతలి పక్కకు మారేవాణ్ని. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది. వానలు మొదలైన వారంలో మా కోడలు వచ్చి, బోధకుల బడిలో చేరతానంది.

నా కొట్టు తాళాల కొట్టు. సరిగ్గా ఆ బడి గేటుకు ఎదురుగా ఉంటుంది. పెద్దవాళ్లు దాన్ని దైవశాస్త్ర పాఠశాల అంటారు. ముందు వరండాలో ఓ నల్లబోర్డు, దాని మీద తెల్ల రంగుతో అక్షరాలూ అంకెలూ. ఇన్నేళ్లుగా చూస్తున్నాను గానీ ఏనాడూ చదవలేదు. ఎదుటివాడి కొట్టు ధరల పట్టీ మనకెందుకు?

"సాయంత్రం క్లాసులు మామయ్యా. మా బడి అయ్యాక వెళ్లొచ్చు," అంది. మా కోడలు చిన్నపిల్లల బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెబుతుంది. పన్నెండేళ్లుగా అదే తరగతి.

"దేనికి? ఇంకొకళ్ల పెళ్లాల గురించి మాట్లాడ్డం నేర్చుకోడానికా?"

 మావాడు అప్పుడే లారీ దిగి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతున్నాడు. "చేరనీ నాన్నా. అమ్మ ఉన్నప్పుడూ అడిగింది ఈ మాట. అమ్మ ఏమందో తెలుసా? ఇంట్లో రోజూ నేను చేసే ప్రసంగాలు నీకు చాల్లేదా అంది."

"అన్నారు," అంది కోడలు. "చాలట్లేదన్నాను. ఆ పూట గరిటె నా పక్కనుంచి పోయింది."

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. కానీ వద్దని కూడా అనలేదు. నా మాట అడ్డంపెట్టి ఎవర్నైనా ఆపగలిగిన ఇల్లు కాదది. మా ఆవిడ అలా పెంచలేదు.

*

పేరు రాయించే రోజు కోడలికి బడి ఉంది. "గేటు దాటితే చాలు కదా మామయ్యా, మీరే వెళ్లి రాయించండి," అని ఓ చీటీ ఇచ్చింది. మూడు ముక్కలు రాసి ఉన్నాయి. పా 111. చ 121. సే 131.

వాన కొడుతోంది. కొట్టు మీద పట్టా కప్పి వెళ్లాను. వరండాలో బారు. గోడ మీద ఆ బోర్డు. నిలబడ్డంతసేపు వేరే పని లేదు గనక చదివాను. అడుగున నూరులు, వాటి మీద రెండొందలు, మూడొందలు, అన్నింటికంటే పైన నాలుగొందలు. చీటీ చూశాను. మూడూ నూరులే. అన్నీ అడుగునే.

నాకు ఒళ్లు మండింది. మా పనిలో ఒకటో నంబరు తాళం అంటే పిల్లలు చిల్లర దాచుకునే డబ్బాకు వేసేది. నాలుగో నంబరు గోదాముకు వేసేది. అంకె పెరిగేకొద్దీ తాళం పెరుగుతుంది. పన్నెండేళ్లు ఒకటో తరగతికి పాఠం చెప్పిన మనిషిని తీసుకుపోయి మళ్లీ ఒకట్లలో కూర్చోబెడతారా? ఇది ఆమె అతి వినయం అయినా అయ్యుండాలి, వీళ్ల అతి తెలివి అయినా అయ్యుండాలి. రెంటికీ నా దగ్గర మందు ఉంది.

కిటికీ అవతల గుమాస్తా కళ్లజోడు నుదుటికి ఎక్కించుకుని, ఆ కళ్లజోడు కోసమే బల్ల మీద వెతుకుతున్నాడు.

"ఇవి వద్దు. నాలుగొందలు రాయండి," అన్నాను.

"ఏ శాఖలో?"

"అన్నింట్లో."

"పాత నిబంధనలో నాలుగొందలు ఈ కాలానికి లేవు. చరిత్రలోనూ లేవు. సేవలో ఒకటుంది, నాలుగొందల ముప్పై ఒకటి. విద్యార్థి సీనియరేనా?"

"మా ఇంటికి పెద్ద కోడలు."

"అది కాదండీ..."

"చిన్న కోడలు లేదు."

వెనకవాళ్లు నెడుతున్నారు. గుమాస్తాకు కళ్లజోడు దొరికింది. "నాలుగొందల పైన అయితే టీచరుగారి సంతకం ఉండాలి. నావల్ల కాదు."

పక్కనే ఒక పెద్దావిడ గొడుగు దులుపుకుంటోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. మనిషి మాత్రం నిటారుగా ఉంది. "నాలుగొందల ముప్పై ఒకటా? నా క్లాసే," అంది. "ఎవరు చేరుతున్నది?"

"మా కోడలు."

"మాట్లాడగలదా?"

"మా ఆవిడతో పన్నెండేళ్లు ఒకే వంటగదిలో ఉంది. ఎదురు మాట్లాడి నెగ్గుకొచ్చింది."

పెద్దావిడ నవ్వి, కలం తీసి, గొడుగు చంకలో పెట్టుకుని అక్కడికక్కడే సంతకం చేసింది. ఇంత సులువుగా అయిపోయిందేమిటని అప్పుడే అనుకోవలసింది. సులువుగా తిరిగిన తాళం లోపల విరిగి ఉంటుంది.

*

"మామయ్యా, ఇదేంటి?"

సాయంత్రం కోడలు రసీదు పట్టుకుని నా ముందు నిలబడింది.

"పెద్దది వేయించాను."

"పెద్దదేంటి మామయ్యా? ఇవేమన్నా తాళాలా?"

"కాకపోతే నీకు నువ్వే నూరులు రాసుకుంటావా? ఊళ్లో సగంమందికి అక్షరాలు దిద్దించినదానివి."

ఆమె కింద కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. మా ఆవిడ అయితే ఈ పాటికి వీధికంతా తెలిసేది. ఈ అమ్మాయి గొంతు చిన్నది. కాసేపు నుదురు పట్టుకుని కూర్చుని, తర్వాత లేచి నా పనిబల్ల దగ్గరికి వెళ్లి, గాట్లు కోయని ఓ కొత్త తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఎవరో చెవి పారేసుకుని, నంబరు మాత్రం తెచ్చారనుకోండి. నాలుగు మూడు ఒకటి. ఏం చేస్తారు?"

"మొదటి గాటు నాలుగు లోతు కోస్తాను. రెండోది మూడు. మూడోది ఒకటి."

"ఒకటి మూడు ఒకటి అయితే?"

"మొదటిది ఒకటి. తక్కిన రెండూ అంతే."

"ఏ చెవి పెద్దది?"

 రెండూ ఒకే కొలత అని ఆమెకూ తెలుసు.

"ఇదీ అంతే మామయ్యా. ముందున్న అక్షరం ఏ శాఖో చెబుతుంది. మొదటి గాటు ఎన్నో ఏడాది చదువో. రెండో గాటు ఆ శాఖలో ఏ పనో, మూడంటే మనుషుల ఇళ్లకు వెళ్లి చేసే పని. మూడోది బేసి అయితే వానకాలం, సరి అయితే చలికాలం. నేను కొత్తదాన్ని. మీరు నన్ను నాలుగో ఏడాదివాళ్ల మధ్య కూర్చోబెట్టారు."

"బోర్డు అలా రాస్తే ఎవడికి తెలుస్తుంది?"

"చేరినవాళ్లందరికీ తెలుస్తుంది."

"తప్పు బోర్డుదే," అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. "ఇంతకీ ఆ నూట ముప్పై ఒకటిలో ఏం చెబుతారు?"

"జబ్బు చేసినవాళ్లను చూడ్డానికి వెళ్తే ఎక్కడ కూర్చోవాలి, ఎంతసేపు కూర్చోవాలి."

"నాలుగొందల ముప్పై ఒకటిలో?"

ఆమె చెవిని నా చేతిలోంచి తీసుకుంది.

"పోయినవాళ్ల ఇంట్లో ఏం మాట్లాడాలి."

మర్నాడు మార్పించుకోవడానికి వెళ్లింది. తడిసి తిరిగొచ్చింది. సంగతి ఇదీ. ఆ క్లాసులో నలుగురే ఉన్నారట. ఐదుగురు లేకపోతే ఆ కాలానికి క్లాసు ఎత్తేస్తారు. ఎత్తేస్తే ఆ నలుగురికీ చదువు ముగియడం ఏడాది వెనక్కి పోతుంది. మా కోడలు ఐదోది. అందుకే పెద్దావిడ అంత చకచకా సంతకం చేసింది. అంతటితో అయిపోలేదు. కొత్తగా చేరినవాళ్లు మొదటి కాలంలో ఏ ఒక్క క్లాసు పరీక్ష తప్పినా సీటు పోతుంది. మళ్లీ చేర్చుకోరు.

"రానని చెప్పేయాల్సింది," అన్నాను.

"ఆ నలుగురూ వరండాలో నిలబడి నా మొహంలోకి చూస్తున్నారు మామయ్యా. ఎలా చెప్పను?"

మావాడు పడుకున్నవాడల్లా లేచి, "నాన్నా, ఒక్క గాటు తప్పు కోశావు," అన్నాడు.

"తలుపు తెరుచుకుంది కదా?" అన్నాను.

*

ఆ వానకాలం మా ఇంట్లో చదువు నడిచింది. మాట దాచడమెందుకు, బాగానే నడిచింది. కోడలు వంటగదిలో గిన్నె తోముతూ ప్రసంగం సాధన చేసేది. నేను వరండాలో కూర్చుని తాళంచెవులకు ఆకురాయి పెడుతుండేవాణ్ని.

"వినపడట్లేదు," అని అరిచేవాణ్ని.

"గిన్నెలకు వినపడుతోంది."

"గిన్నెలు పోయినప్పుడు గిన్నెలకు చెప్పుకో. మనుషులకైతే గట్టిగా చెప్పు."

గొంతు కాస్త పెంచేది. మళ్లీ దిగేది. ఆమె పాఠాలు చెప్పేది పసిపిల్లలకు. పిల్లల దగ్గర గొంతు తగ్గిస్తేనే వింటారట. పెద్దవాళ్లు వేరు. మా ఆవిడ ఉంటే ఒక్క పూటలో నేర్పేది.

ఆ నలుగురు నాలుగో ఏడాదివాళ్లూ రోజూ వాన తగ్గేదాకా నా కొట్టు బల్ల మీద కూర్చునేవాళ్లు. నాకు నాలుగొందల మామయ్య అని పేరు పెట్టారు. కోపం నటించాను. పేరు మాత్రం నిలిచిపోయింది. గుమాస్తా కూడా అదే పేరుతో పలకరించడం మొదలుపెట్టాడు. కొత్తగా చేరినవాళ్లు తడిసిన కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవాళ్లు, చ 121కీ చ 122కీ తేడా ఏమిటని. ఒకటి వానది, ఒకటి చలిది అని చెప్పేవాణ్ని. ఒకడికి తప్పు చెప్పాను. వాడు పాపం ఎవరూ లేని గదిలో చాలాసేపు కూర్చుని వచ్చి నిలదీశాడు. కళ్లున్నది బోర్డు చూసుకోవడానికే అన్నాను.

పక్కింటావిడ గోడ మీదుగా చూస్తూ, "అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా అన్నయ్యగారూ? పుస్తకాలు పట్టుకుని ఎంత బుద్ధిగా తిరుగుతోందో," అనేది. ఆవిడ మాట్లాడితే అందులో ఓ పిన్నీసు ఉంటుంది. నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

వానలు పలచబడుతుండగా ఓ సాయంత్రం కోడలు కొట్టుకే వచ్చింది. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. పని ఉంటే తప్ప అలా కూర్చోదు.

"చివరి పరీక్ష గురించి మామయ్యా. ఉత్తుత్తి ప్రసంగం కుదరదట. నిజంగా పోయిన మనిషి గురించి, ఆ మనిషి ఇంట్లో, ఆ ఇంటివాళ్ల ముందు చెప్పాలి. మార్కులు మా టీచరుగారు వెయ్యరు. బయటి నుంచి ఓ అయ్యగారు వస్తారు."

"ఏ అయ్యగారు?"

ఆమె చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

"ఆయన నా గడప తొక్కడు," అన్నాను. "మా ఆవిణ్ని ఒకసారి పూడ్చాం. చాలు."

"సరే." ఆమె లేచింది. "వెనక వీధి తాతగారి ఇల్లు అడుగుతాను. వాళ్లు ఒప్పుకుంటారు."

"ఆయన నీకు తెలుసా?"

"ముక్కుపొడి పీల్చేవారని తెలుసు. తుమ్మితే కిటికీ రెక్కలు కొట్టుకునేవి. అంతే తెలుసు."

"దాంతో ఏం చెబుతావు?"

"శాంతమూర్తి అని చెబుతాను. మితభాషి అని చెబుతాను. ఇంకేం చేయను మామయ్యా? తెలియని మనిషి గురించి అంతకంటే ఏం చెప్పగలను?"

నేను బిగింపులో ఉన్న చెవిని తీశాను. మళ్లీ పెట్టాను. అప్పటికే అరగదీసిన గాటును ఇంకాస్త అరగదీశాను. ఆ చెవి పాడైపోయింది.

"రమ్మను," అన్నాను. "నేను ఆయనతో మాట్లాడను."

"మాట్లాడక్కర్లేదు. కూర్చుంటే చాలు. మీరేమైనా చెప్పమంటారా అత్తయ్య గురించి?"

"నీకు తెలిసింది చెప్పు. తెలియంది చెప్పకు."

*

ముందుగదిలో కుర్చీలు వేశాం. వాన జల్లు లోపలికి కొడుతోందని వీధి తలుపు మూశాం. నెరిసిన జుట్టు టీచరుగారు, ఆ నలుగురూ, లారీకి సెలవు పెట్టి మావాడు, పిలవకపోయినా పక్కింటావిడ. అయ్యగారు అందరికంటే ఆఖర్న వచ్చాడు. తడిసిన బూట్లు బయటే విడిచి, జేబురుమాలుతో కళ్లజోడు తుడుచుకుని, నాకు నమస్కారం పెట్టాడు. నేను తలుపు బందు వైపు చూస్తున్నాను. దానికి నూనె కావాలి.

కోడలు నిలబడింది. చేతిలో కాగితం లేదు.

"మా అత్తయ్య శాంతమూర్తి కాదు," అంది.

అయ్యగారు కళ్లజోడు పెట్టుకున్నాడు.

"నేను ఈ ఇంటికొచ్చిన మొదటి రోజే నా మీద అరిచారు. చెంబు చోటు మార్చానని. పోయే ముందు వారం కూడా అరిచారు. అదే చెంబు. మధ్యలో అరవని రోజు నాకు గుర్తులేదు. ఒక్క రోజు అరవకపోతే మామయ్య నన్ను పిలిచి, మీ అత్తయ్యకు జ్వరమేమో చూడమ్మా అనేవారు."

ఆ నలుగురిలో ఒకడు నవ్వి నోరు మూసుకున్నాడు. 

"నా మొహం మీద ఒక్క మంచి మాట అనలేదు ఆవిడ. నా వీపు వెనక ఒక్క చెడ్డ మాట అనలేదు. అది నాకు చాలా ఏళ్లు తెలియదు. తెలిసిన రోజు గురించి చెబుతాను. ఈ ఇంట్లో అది నాకొక్కదానికే తెలుసు. ఇంకొకరికి కూడా తెలుసు, వాళ్లు ఇక్కడే ఉన్నారు. కోపం తెచ్చుకోవద్దు."

పక్కింటావిడ కుర్చీలో సర్దుకుంది.

"నేను వంటగదిలో ఉన్నాను. బయట పెరట్లో ఒకావిడ అత్తయ్యతో అంటోంది, పెళ్లయి ఇన్నేళ్లయినా కడుపు పండలేదు, ఆ పిల్లను పంపేసి మీవాడికి ఇంకోదాన్ని చూడరాదా అని. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అత్తయ్య ఏమంటారో అని. ఏమీ అనలేదు. మొదటిసారి ఏమీ అనలేదు. పెరటి గేటు తాళం వేసిన చప్పుడు వినపడింది. వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, మెట్టు మీద కూర్చుని, అప్పుడు అన్నారు. ఆ మాట నువ్వు వెనక్కి తీసుకున్నాక ఇంటికి పోదువుగాని, నాకేం తొందర లేదు, అని."

నాకు ఆ రోజు గుర్తుంది. పక్కింటాయన పరుగెత్తుకుంటూ నా కొట్టుకు వచ్చాడు, మీ ఆవిడ మా ఆవిణ్ని మీ పెరట్లో పెట్టి తాళం వేసింది, వచ్చి తీయవయ్యా అని. తాళం ఎవరు వేశారో వాళ్లే తీయాలి అన్నాను. అది మా కొట్టు ధర్మం. సాయంత్రం ఇంటికొచ్చి ఎందుకు వేశావని అడిగితే, బకెట్టు గొడవ అంది. బకెట్టు గొడవే అనుకున్నాను. ఇన్నేళ్లూ అనుకున్నాను.

"పొద్దు వాలేదాకా కూర్చున్నారు," అంది కోడలు. గొంతు దిగిపోతోంది. "వాన కూడా వచ్చింది. ఇద్దరూ తడిశారు. తర్వాత లోపలికొచ్చి, పొయ్యి మీద ఏదో మాడుతోంది కనపడట్లేదా అని నా మీద అరిచారు. నిజంగానే మాడింది."

అక్కడ ఆమె మాట సన్నగా అయిపోయింది. వాన చప్పుడులో కలిసిపోతోంది.

నేను లేచాను. వీధి తలుపు దగ్గరికి వెళ్లి గడియ తీసి రెండు రెక్కలూ బార్లా తెరిచాను. జల్లు మీద పడింది. ఎదురింటివాళ్లు వసారాలో నిలబడి ఉన్నారు, వాన తగ్గేదాకా ఆగినవాళ్లు ఇద్దరు ముగ్గురు చూరు కింద ఉన్నారు. నేను వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

కోడలు తలుపు వైపు చూసింది. ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత మాట్లాడిన గొంతు ఆమెది కాదు. ఇంత గొంతు ఆమెలో ఎక్కడ దాగి ఉందో నాకు తెలియదు.

"దేవుడు మా అత్తయ్యను ఈ వీధికి కాపలా పెట్టాడు," అంది. ఎదురింటి వసారాలో వాళ్లు ఇటు తిరిగారు. "ఎవరింట్లో ఎవరు మాట పడ్డా ముందు ఆవిడ గొంతే లేచేది. మీకందరికీ ఆ గొంతు తెలుసు. దాన్ని తిట్టుకున్నారు. నేనూ తిట్టుకున్నాను. ఇప్పుడు ఈ వీధి ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి. నాకు ఈ ప్రశాంతత వద్దు. దేవుడి దగ్గర ఆవిడ ఇప్పుడు నెమ్మదిగా మాట్లాడుతున్నారని ఎవరైనా నాకు చెబితే నేను నమ్మను. నమ్మితే ఆవిణ్ని మళ్లీ పోగొట్టుకున్నట్టే. ఆమేన్."



పక్కింటావిడ ముక్కు చీది, "నిజమే. మాట వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత నాకు పడిశం కూడా పట్టింది," అంది. "పట్టినందుకు మందు ఆవిడే తెచ్చి ఇచ్చింది, తిడుతూ."

ఆ నలుగురూ నవ్వేశారు. మావాడు మొహం తుడుచుకున్నాడు. టీచరుగారు అయ్యగారి వైపు తిరిగింది. ఆయన చేతిలో మార్కుల కాగితం. కలం కదలట్లేదు.

"ప్రసంగం బాగుంది," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "కానీ ఈ క్లాసు నియమం ఒకటుంది. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఓదార్పు కలగాలి. కలగకపోతే తప్పినట్టే. అది నేను చెప్పేది కాదు. ఆ ఇంటివాళ్లు చెప్పాలి." నా వైపు చూశాడు. ఈసారి నేను తలుపు బందు వైపు చూడలేకపోయాను, అది ఆయన వెనకే ఉంది. "మీరు చెప్పండి. మీకు ఓదార్పు కలిగిందా?"

కోడలు నా వైపు చూడలేదు. కింద చూస్తోంది. ఆమె సీటు నా నోట్లో ఉంది. ఆ మనిషితో నేను మాట్లాడనని చెప్పాను. చెప్పిన మాట తప్పే అలవాటు నాకు లేదు.

"ఇవాళ పూడ్చింది మా ఆవిణ్నే," అన్నాను.

ఆయన నన్ను అలాగే చూశాడు. ఎవరూ ఆయనకు విడమర్చి చెప్పలేదు. తల వంచి కాగితం మీద ఏదో రాసి, మడిచి టీచరుగారి చేతికిచ్చాడు. టీచరుగారు విప్పి చూసి, కోడలి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన బూట్లు వేసుకుని, లేసులు కట్టుకోకుండానే వానలోకి దిగిపోయాడు.

*

కోడలు పాసైంది. ఆ నలుగురికీ చదువు ముగిసింది. ఇప్పుడు చలికాలపు క్లాసులకు వెళుతోంది, అన్నీ సరి అంకెలే, అన్నీ నూరులే. వచ్చే వానకాలం సే 131లో కూర్చుంటుంది. అది తప్పదట. నాలుగొందలు నెగ్గినామె రోగుల పక్కన ఎలా కూర్చోవాలో ఇప్పుడు నేర్చుకోవాలి. మావాడికి ఇది పెద్ద నవ్వులాట. నాకూ కాస్త నవ్వే వస్తుంది, ఎవరూ చూడనప్పుడు. ఇంట్లో గొంతు మళ్లీ లేస్తోంది. మొన్న చెంబు చోటు మార్చానని నా మీద అరిచింది. చెంబు ఉన్న చోటే ఉంచాను.

వానలు పూర్తిగా తగ్గాక ఓ పొద్దున అయ్యగారు కొట్టుకు వచ్చాడు. చర్చి వెనక గది తాళం తెచ్చాడు.

"తిరగట్లేదండీ."

నూనె వేశాను. లోపల తుప్పు. విప్పి, తుడిచి, లోపలి స్ప్రింగు మార్చాను. ఆయన బల్ల మీద కూర్చుని చూస్తున్నాడు. పని అయ్యేదాకా నోరు తెరవలేదు. అది మటుకు ఆయన నేర్చుకున్నాడు.

"ఆ రోజు సమాధి దగ్గర నేను..." అని మొదలుపెట్టాడు.

"రెండు చెవులు చేయమంటారా, ఒకటి చాలా?"

"మీరు నన్ను..."

"ఒకటి చాలు," అన్నాను. చెవి తిప్పి చూపించాను. తాళం తిరిగింది. ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పట్టుకుని ఇంకా కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెళ్లాడు.

క్షమించానని నేను అనలేదు. అనను. రోడ్డుకు అవతలి పక్కకు మారడం మటుకు మానేశాను, మోకాళ్లు నొప్పి.

మా ఆవిడ గురించి చెప్పవలసింది మా కోడలు చెప్పింది, వీధంతా విన్నది. అయ్యగారి గురించి చెప్పవలసింది నేను ఇక్కడ చెప్పాను. ఇక ఎవరు అడిగినా ఈ మాట ఎత్తను. మావాడు అడిగినా, ఆయనే వచ్చి అడిగినా ఎత్తను. కొట్టుకు వస్తే తాళం సంగతి మాట్లాడండి.